తులసమ్మకు చలి పెడుతుందని

దీపావళి వెళ్ళిందంటే మా ఇంట్లో మనుషులకు జరగని మర్యాదలు మొక్కలకు జరుగుతాయి. మాది భూపాలపల్లిలో రెండో అంతస్తు క్వార్టర్. మా ఆయనది బొగ్గుబావిలో ఉద్యోగం, నాది ఇంట్లోనే కుట్టుమిషన్. జాకెట్లు కుట్టగా మిగిలిన ప్రాణమంతా కుండీల మీద పెట్టాను. హాల్లో అరెకా పామ్, టీవీ పక్కన స్నేక్ ప్లాంట్, వంటింటి కిటికీలో సీసాలో మనీ ప్లాంట్. మంచాల కింద తప్ప ఇంట్లో ప్రతిచోటా ఏదో ఒకటి ఆకులు చాపుకుని ఉంటుంది. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి కుర్చీలో కూర్చోబోతే అందులో అప్పటికే పీస్ లిల్లీ కూర్చుని ఉంటుంది. చలికాలం ఆ వేళకు మా హాల్లో ఎండ పడేది ఆ ఒక్క కుర్చీలోనే.

"నేను యాడ కూసోవాలె?" అంటాడు.

"జర సేపు ఆగు, దాని ఎండ అయిపోని" అంటాను.

ఎండాకాలం మొక్కలు పెంచడం ఏమంత పెద్ద పని కాదు. చెంబెడు నీళ్ళు పోసి నీడకు జరిపితే బతుకుతాయి. అసలు పరీక్ష చలికాలంలోనే. మా ఊళ్ళో దుమ్ము నల్లగా ఉంటుంది. మంచు పడే రోజుల్లో అది ఆకులకు అంటుకుని జిడ్డులా పేరుకుపోతుంది. లైనింగ్ ముక్కలను తడిపి పిండి ఒక్కో ఆకూ తుడుస్తాను. చలిగాలి నేరుగా తగలకుండా కిటికీ దగ్గరివి లోపలికి లాగుతాను. అన్నిటికంటే ముఖ్యం నీళ్ళు. చలికాలంలో కుండీ మొక్కలు ఎండిపోయి చచ్చేది తక్కువ, తడికి కుళ్ళి చచ్చేదే ఎక్కువ. మట్టిలోకి వేలు దూర్చి, లోపల కూడా పొడిగా ఉంటేనే పోయాలి. ఇవేవీ నేను పుట్టుకతో నేర్చుకున్నవి కావు. కొన్ని ఫోన్లో వీడియోలు చూసి, కొన్ని మొక్కల ఉసురు పోసుకుని నేర్చుకున్నాను.

నా రాజ్యంలో నా పెత్తనం చెల్లని కుండీ ఒక్కటే ఉండేది. అది కుండీ కూడా కాదు, గోడల రంగు అయిపోయాక మిగిలిన రంగుల బకెట్. బాల్కనీ మూలన దాంట్లో మా అత్తమ్మ తులసి. ఆమె నర్సింహులపేట నుంచి మా దగ్గరికి వచ్చేసినప్పుడు బట్టల మూట మా ఆయన చేతికిచ్చి, ఆ బకెట్‌ను మాత్రం బస్సులో దారి పొడుగునా తన ఒళ్ళోనే పెట్టుకుంది. ఇది చాలా ఏళ్ళ కింది మాట. అప్పటి మొక్క ఎప్పుడో పోయింది. దాని విత్తనాలు రాలి మొలిచిన పిల్లలే ఆ బకెట్‌ను ఏలుతున్నాయి. నల్ల తులసి, ఘాటైన వాసన. పొద్దున్నే స్నానం చేసి, పసుపు కుంకుమ పెట్టి, దీపం వెలిగించి, మూడు ఆకులు నోట్లో వేసుకున్నాకే అత్తమ్మకు చాయ్. అది ఆమె శాఖ. నేను తలదూర్చేదాన్ని కాదు. తలదూరిస్తే ఆమె అరుపు కింది ఇంటిదాకా వినపడుతుందని నాకు తెలుసు.

అత్తమ్మ వచ్చినప్పుడు చూపు బాగానే ఉండేది. సూదిలో దారం నాకంటే ముందు ఎక్కించేది. తర్వాత నెమ్మదిగా రెండు కళ్ళకూ పొర కమ్మింది. మొదట్లో ఆమె ఒప్పుకోలేదు. "మీ లైటే మసకున్నది" అనేది. తర్వాత చాయ్‌లో చక్కెరకు బదులు ఉప్పు వేసి, "గీ కొత్త చక్కెర మంచిగ లేదు" అంది. ఒకరోజు నేను ఎండలో నిలబడి బట్టలు ఆరేస్తుంటే, కింది ఇంట్లో ఉండే అక్క అనుకుని నా మీద నాకే చెప్పింది.

"మా కోడలు పొద్దంత ఆకులు తుడుసుకుంట కూసుంటది. బియ్యమేరమంటే మాత్రం యాల్ల లేదంటది."

"అట్లనా" అన్నాను, గొంతు మార్చి.

"నేను జెప్పిన్నని జెప్పకు" అంది.

చెప్పలేదు. ఆ రోజు బియ్యం మాత్రం ఏరాను. నవ్వొచ్చింది గానీ, లోపల ఎక్కడో కలుక్కుమంది. ఎదురుగా నిలబడి మాట్లాడినా నేనెవరో ఆమెకు తెలియలేదు.

ఆ దసరా తర్వాత జనగామలో కళ్ళ దవాఖానకు తీసుకుపోయాం. జనగామ నా పుట్టిల్లు, నాలుగు రోజులు ఉండి చూపించుకోవచ్చని. డాక్టరమ్మ టార్చి వేసి చూసి, పొర బాగా ముదిరిందనీ, ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ కష్టమవుతుందనీ, చేసినా చూపు అనుకున్నంత రాకపోవచ్చనీ చెప్పింది. కార్తీకంలో రోజు ఖాయం చేసుకుని వచ్చాం. కంటి ఆపరేషన్ చలికాలంలోనే చేయించుకోవాలని మా వైపు పెద్దవాళ్ళ పట్టుదల. ఎండలు మొదలైతే కంట్లో చీము పడుతుందంటారు. డాక్టర్లు ఎప్పుడైనా చేయొచ్చని మొత్తుకున్నా వినరు. అంటే ఈ చలికాలం దాటితే మళ్ళీ చలికాలం దాకా అత్తమ్మ కదలదు. అప్పటికి ఆ కళ్ళు ఏ స్థితిలో ఉంటాయో.

సరిగ్గా రోజు ఖాయం చేసుకుని వచ్చిన వారంలోనే తులసి ఆకులు రాల్చడం మొదలుపెట్టింది.

చలికి తులసి కొంచెం డీలా పడటం మామూలే. కానీ ఇది అలా లేదు. గోడవైపు కొమ్మలు నల్లబడి, ముట్టుకుంటే ఆకులు గలగలా రాలుతున్నాయి. అత్తమ్మకు రంగులు తెలియవు గానీ, పొద్దున నోట్లో వేసుకోవడానికి చేయి చాపితే ఆకులు దొరకలేదు. వేళ్ళతో కొమ్మలన్నీ తడిమి, లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది.

"తులసమ్మ ఎండుతాంది. గిసొంటి యాల్ల కంటికి కత్తి పెట్టుకుంటరా? నేను రాను."

"చెట్టుకు, నీ కన్నుకు ఏం సంబంధమే అవ్వా?" అన్నాడు మా ఆయన.

"నీకు తెల్వది, ఊకో. తులసమ్మ సిగురు పెట్టినంక పోదాం."

డాక్టరమ్మ ఇచ్చిన రోజు దాటిపోయింది. మా ఆయన దవాఖానకు ఫోన్ చేసి ఇంకో రోజు అడిగాడు. అదీ దాటిపోయింది. ఆయన విసిగిపోయి నావైపు తిరిగాడు.

"ఇంట్ల ఇన్ని చెట్లు సాదుతానవ్. గా ఒక్కదాన్ని బతికియ్యరాదా?"

అలా అత్తమ్మ చూపు నా చేతిలోకి వచ్చి పడింది. నేను మామూలుగా ఏ పనికీ భయపడను. జాకెట్ కుదరలేదని గొడవకొచ్చినవాళ్ళను కూడా కూర్చోబెట్టి చాయ్ తాగించి పంపిస్తాను. ఈసారి మాత్రం భయమేసింది. మొక్క చచ్చిపోతే ఆమె మనసులో అది అపశకునంగా పాతుకుపోతుంది. ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగి వచ్చి చెప్పినా దవాఖాన మెట్లెక్కదు.

రంగంలోకి దిగాను. ముందు బకెట్‌ను ఎండ తగిలే చోటికి జరిపాను. వేపపిండి కొంచెం కలిపాను. సాయంత్రం కాగానే పాత చున్నీ బకెట్ చుట్టూ కట్టాను. కింది ఇంటి అక్కది టేకుమట్ల వైపు తండా. వాళ్ళ ఇంట్లో వాళ్ళ భాష, మా మెట్ల మీద మా భాష. ఆమె ఒకరోజు పైకొచ్చి చూసి, "కోడిగుడ్డు పెంకులు దంచి ఎయ్యి అక్కా, మా మిరప చెట్లకు గదే ఏస్త" అంది. మెల్లగానే అంది. కానీ చూపు పోయినకొద్దీ మా అత్తమ్మ చెవులు పాము చెవులయ్యాయి.

"తులసమ్మకు గుడ్డు పెంకులా?" లోపలి నుంచి గొంతు వచ్చింది.

ఆ అక్క చెప్పులు చేత్తో పట్టుకుని దిగిపోయింది. మళ్ళీ చాలా రోజులు మా గుమ్మం తొక్కలేదు.

నాకు అంతుపట్టని సంగతి ఒకటే. వేలు పెట్టి చూసినప్పుడల్లా మట్టి చిత్తడిగా ఉండేది. నేను పోయడం లేదు. అత్తమ్మకు చెప్పాను, చలికాలం నాలుగు రోజులకోసారి పోస్తే చాలని. సరే అంది. ఇంక మిగిలింది మా ఆయన. డ్యూటీ నుంచి వచ్చి చేతులు కడుక్కుని ఆ నీళ్ళు దాంట్లో పారబోస్తున్నాడని ఒంటికాలి మీద లేచాను.

"నేనా? నేను గా మూలకు సుత పోలే."

"మరి నీళ్ళు ఆకాశం నుంచి పడుతున్నయా?"

"నీ చెట్ల సంగతి నాకేం ఎరుక. నాకు నీ కుర్చీలనే జాగ లేదు" అన్నాడు.

అన్నాక ఆయనా ఆలోచనలో పడ్డట్టున్నాడు. రెండు రోజుల తర్వాత పని మీద ఘనపూర్ పోయి, అక్కడి నర్సరీ నుంచి గుబురుగా, పచ్చగా ఉన్న తులసి మొక్కను సంచిలో పెట్టుకుని వచ్చాడు. అత్తమ్మ మధ్యాహ్నం కునుకు తీస్తుంటే పాత బకెట్‌ను మిషన్ వెనక దాచి, అలాంటిదే ఇంకో రంగుల బకెట్‌లో దీన్ని నాటి మూలన పెట్టాడు. ఇన్నేళ్ళలో ఆయన అంత ఓపికగా మట్టి పని చేయడం నేను చూడలేదు. వద్దని చెప్పాల్సిందే. కానీ నాకూ ఆశ పుట్టింది.

"అవ్వా, సిగురు పెట్టింది సూడు" అన్నాడు ఆమె లేవగానే.

అత్తమ్మ వచ్చి ఆకులు తడిమింది. ఒక ఆకు తుంచి వాసన చూసింది. ఇంకోసారి చూసింది. బకెట్ అంచు మీద చేయి వేసి, "గిది ఎవలింటి పిల్లనో. పాపం, దీనికి గిన్ని నీళ్ళు పొయ్యిండ్రి. మా తులసమ్మను తెచ్చి దాని జాగల పెట్టుండ్రి" అంది.

ఆయన తెచ్చింది లేత రంగు తులసి. మాది నల్లది. వాసనలోనే ఎంతో తేడా ఉంటుంది. అది కూడా చూసుకోకుండా కొన్న మనిషిని నేనేమనాలి. అత్తమ్మ మాత్రం ఆయన్ను తిట్టలేదు. ఆ తిట్టకపోవడం వల్లనే ఆయన ఆ పూట అన్నం సరిగా తినలేకపోయాడు.

పుష్యమాసం వచ్చింది. చలి ఎముకలు కొరుకుతోంది. పెళ్ళి జాకెట్లు నెత్తి మీద ఉండటంతో ఒకరోజు నేను మామూలు కంటే ముందే లేచాను. అప్పుడప్పుడే తెల్లవారుతోంది. వంటింట్లోకి వెళ్ళి స్టవ్ మీద చాయ్ పెడుతుంటే, కిటికీలోంచి బాల్కనీలో అత్తమ్మ కనిపించింది. అప్పటికే స్నానం అయిపోయింది. చెంబుతో తులసికి నీళ్ళు పోసింది. వేళ్ళు మట్టికి ఆనించి చూసింది. తల అడ్డంగా ఊపి ఇంకో చెంబు ముంచుకొచ్చి పోసింది. మళ్ళీ వేళ్ళు ఆనించింది. మంచులా చల్లబడిన మట్టి, చన్నీళ్ళకు కొంకర్లు పోయిన వేళ్ళు. తడో పొడో ఆమెకు తెలియడం లేదు. మూడోసారి కూడా పోసింది.

తర్వాత ప్రమిద వెలిగించింది. అది ఎప్పుడూ బకెట్ పక్కన గచ్చు మీదే పెడుతుందనుకునేదాన్ని. కానీ దాన్ని బకెట్ లోపలికి దించి, మట్టి మీద, సరిగ్గా కాండానికి ఆనించి పెట్టింది. మంట కాండాన్ని నాకుతోంది. ఆమెకు అక్కడ ఏదో మసక వెలుగు తప్ప ఇంకేమీ కనిపించదు.

"చలి పెడుతాందా తల్లీ" అంటోంది. "జర కాగు. జర కాగితే సిగురు పెడుతవ్."

రోజూ కాండం నిండా పసుపు కుంకుమలు మెత్తుతుంది కాబట్టి కాలిన మచ్చ నాకు ఇన్నాళ్ళూ కనిపించలేదు. నేను లేచేసరికి ప్రమిదను కడిగి బోర్లించేది. ఆ మొక్కకు ఏ జబ్బూ లేదు. చూపు లేని ఆమె ప్రేమే దాన్ని రోజూ నీళ్ళలో ముంచి, నిప్పుతో కాలుస్తోంది. అది చిగురిస్తేనే కంటి ఆపరేషన్‌కు వస్తానని ఆమె కూర్చుంది.

నాకు ముక్కు మీద కోపం. నోట్లో మాట ఆగదు. ఆ పొద్దున మాత్రం వంటింట్లో నిలబడి చాయ్ పొంగిపోయేదాకా చూస్తూ ఉండిపోయాను. ఎలా చెప్పాలి? "నువ్వే చంపుతున్నావు" అని ఆ మనిషితో ఎలా అనాలి? అనకపోతే చెట్టు పోతుంది, చెట్టు వెనకే చూపు పోతుంది. స్టవ్ ఆపేసి బాల్కనీలోకి నడిచాను. ప్రమిదను పైకి తీసి గచ్చు మీద పెట్టాను. ఆమె పక్కన కూర్చుని, ఆమె చేయి పట్టుకుని, ఆ వేలిని కాండం మీద పెట్టాను. పసుపు రాలింది. కింద చెట్టు బెరడు బొగ్గులా గరుకుగా తగిలింది.

"ఏందిది?" అంది.

"కాలింది అత్తమ్మా."

"ఎవలు గాల్చిన్రు?"

ఆమె వేలు అక్కడే అటూ ఇటూ తిరిగింది. ప్రమిద ఉన్నచోటికి, మళ్ళీ కాండం దగ్గరికి. కొలిచి చూసుకున్నట్టు.

"నేనేనా?"

"నీకు కనబడలే గదా" అన్నాను.

ఆమె వేలికంటిన మసిని కొంగుకు తుడుచుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"నాకు భయం బిడ్డా" అంది. "ఇప్పుడు ఎలుగన్న దెలుస్తాంది. నువ్వు తిరుగుతాంటే నీడన్న దెలుస్తాంది. కన్ను గోసినంక గది సుత పోతే ఏం జెయ్యాలె? సిగురు పెట్టినంక పోదామన్న గని, పెట్టకుంటే బాగుండు అని సుత అనుకున్న."

"ఇన్ని రోజులు ఇది కడుపుల పెట్టుకున్నవా?" నాకు కోపం వచ్చేసింది, కళ్ళ నీళ్ళతో పాటే. "ఒక్క మాట జెప్తే ఏమయితుండె? మేము పరాయోళ్ళమా?"

"జెప్తే మీరు సుత భయపడ్తరని."

తెల్లవారింది. బావి దారిలో లారీల చప్పుడు మొదలైంది. అత్తమ్మ గోడ పట్టుకుని లేచింది.

"వాడు డ్యూటీ దిగి వచ్చినంక జెప్పు, జనగామ పోదామని. సిగురు వద్దు, ఏమొద్దు. నా చేతుల ఇంకోటి కాలకముందే పోదాం."

ఆ మధ్యాహ్నమే కాలిన కొమ్మలు కోసేసి, నానిపోయిన మట్టి తీసి పొడి మట్టి పోశాను. అది తర్వాత నెమ్మదిగా, ఎండలు ముదిరే వేళకు చిగురించింది. మేము జనగామ బయలుదేరేనాటికి మాత్రం అది మూడు పుల్లలు, అంతే. అత్తమ్మ గుమ్మం దాటుతూ దాని వైపు తిరిగి దండం పెట్టింది. దండం పెట్టింది పక్కనున్న నర్సరీ తులసికి. నేను సరిచేయలేదు. మా ఆయన నోరు తెరవబోతే మోచేత్తో పొడిచాను.

ముందు ఒక్క కంటికే చేసిన ఆపరేషన్ మేము భయపడినంత సేపు కూడా పట్టలేదు. మర్నాడు పొద్దున కట్టు విప్పడానికి వరుసగా బల్ల మీద కూర్చోబెట్టారు. అత్తమ్మ నా చేయి ఎంత గట్టిగా పట్టుకుందంటే నా గాజులు చర్మంలోకి దిగాయి. నర్సు పిల్ల దూది తీసి, మందు చుక్కలు వేసి, కన్ను మెల్లగా తెరవమంది. అత్తమ్మ తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. నర్సు తన వేళ్ళు చూపించి, "ఇవి ఎన్ని అవ్వా?" అని అడిగింది. అత్తమ్మ ఆ వేళ్ళను చూడలేదు. పక్కకు తిరిగి నా ముఖంలోకి చూసింది. చూస్తూనే ఉంది. నుదురు నుంచి కిందికి, కింది నుంచి మళ్ళీ పైకి. చూపు వచ్చిందో రాలేదో నాకు తెలియడం లేదు.

ఆమె చేయి చాపి నా పాపిడి పక్కన వెంట్రుకలు పట్టుకుంది.

"నీ నెత్తి ఎప్పుడు నెరిసిందే?"

"ఎప్పుడో నెరిసింది అత్తమ్మా" అన్నాను.

"నాకు ఎరుకనే లేదు" అంది. "నువ్వు ఇంకా నేను సూసినప్పటి పిల్లవే అనుకుని, ఇన్నేండ్లు గట్లనే నోరు జేసుకుని ఒర్లిన నీ మీద."